కీప్‌తో మూడు వాక్యాలు

హలో… ఆ, నేనేనమ్మా, ఇంగ్లీషు టీచర్ని. వంట అయిందా?… సరే, కూర్చో.

గొంతు అలా గుయ్యిమంటోందేం? స్పీకర్‌లో పెట్టావా?… ఓహో, మీ ఆయన పెట్టమన్నారా. పక్కనే ఉన్నారా?… ఉండనీ. ఆయనకి ఇంగ్లీషు అస్సలు రాదన్నావుగా, నాలుగు ముక్కలు వంటబడతాయి.

ఇవాళ 'కీప్'. ఉంచడం, ఉంచుకోవడం. 'కీప్ ది బుక్ ఆన్ ది టేబుల్'… పుస్తకం బల్ల మీద ఉంచు. దాని వెనక 'టాకింగ్' లాంటిది తగిలించామనుకో, ఆ పని చేస్తూనే ఉండటం. 'షి కీప్స్ టాకింగ్'… ఆవిడ వాగుతూనే ఉంటుంది. అచ్చం నాలాగే!

నవ్వవేం?… గొంతు బొంగురుపోయింది, జలుబా?… ఊఁ.

సరే, మన పద్ధతి తెలుసుగా. పుస్తకంలోవి వద్దు, మీ ఇంట్లో నిజంగా జరిగేవే చెప్పాలి. నువ్వు ఇంగ్లీషులో అను, వెంటనే నేను తెలుగులో అంటాను. కానియ్.

— 'హి కీప్స్ ది కీస్'… భేష్! తాళాలు ఆయన దగ్గరే ఉంచుకుంటారు. రెండోది?

— 'హి కీప్స్ మై ఫోన్'… నా ఫోన్ కూడా ఆయనే ఉంచుకుంటారు. తప్పుల్లేవు! ఇప్పుడు రెండో రకం. తొందరేం లేదు, ఆలోచించుకో…

— 'హి కీప్స్ బీటింగ్ మి'… అబ్బ, ఎంత చక్కగా పట్టేశావే! ఆయన నన్ను కొడుతూనే ఉంటా…

…

అయ్యో.

తల్లీ… వింటున్నావా?

ఎవరూ?… ఆ, నమస్కారమండీ. అబ్బే, అది ఉత్త వాక్యమండీ, పుస్తకంలోది… అవును, పుస్తకంలోవి వద్దన్నాను. నేనే అన్నాను, కానీ… లేదండీ, ఆ పిల్ల నాకెప్పుడూ ఏం చెప్పలేదు. ఒట్టు… తప్పంతా నాదేనండీ. నా నోరు పడిపోను, అలవాటులో అనేశాను… ఒక్కసారి ఫోన్ ఆమెకివ్వండి. మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి…

గడియ చప్పుడేమిటి? తలుపెందుకు వేస్తున్నారు?… ఏమండీ, వద్దు… ఆమెని కొట్టకండి! నాకన్నీ వినబడుతున్నాయి, పోలీసులకి చెబుతాను…

తల్లీ! మీ ఇల్లెక్కడ? మూడు నెలల్నుంచి పాఠం చెబుతున్నాను, ఒక్కనాడూ అడగలేదే… ఏ వీధి? తెలుగులోనే, గట్టిగా అరిచి చెప్పు!

…మిల్లు వెనక… ఆ, మిల్లు వెనక… ఏ మిల్లు, తల్లీ? ఏ మిల్లు?…

హలో?… హలో…