తలుపు బయట అత్తగారు

కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి, అత్తగారు తలుపుకి తాళం వేసి బయట మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఇక్కడున్నారేంటి అత్తయ్యా?"

"మెల్లగా మాట్లాడు. నేను బజారుకెళ్లాననుకుంటోంది నీ కుక్క."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. మనిషి కనబడకపోతే వీధంతా వినబడేలా ఏడ్చే కుక్క అది. రేపు అత్తామామలు వెళ్లిపోతే పగలంతా అది ఒక్కటే ఉండాలి. ఇంకోసారి గోల వినబడితే ఇల్లు ఖాళీ చేయమని ఓనరు చెప్పేశాడు.

"ఏడవలేదా?"

"కిక్కురుమనలేదు. కుక్కల డాక్టరు చెప్పినట్టే, వెళ్తున్నానని ముద్దులాడలేదు, దాని మొహం కూడా చూడలేదు. ఓ ఎముక పడేసి చల్లగా జారుకున్నా."

"ఎంతసేపైంది?"

"నా నడుము పట్టేసేంత సేపు."

"మీ రుణం తీర్చుకోలేను అత్తయ్యా. మామయ్యగారు షికారుకెళ్లారా?"

"ఆయనెక్కడికెళ్తారు? లోపల నిద్రపోతున్నారు."

కోడలు మెట్టు మీద కూలబడింది.

"మరి కుక్క ఒంటరిగా ఉన్నదెక్కడ?"

"నిద్రపోయే ఆయన ఇంట్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పెళ్లైనప్పట్నుంచి చూస్తున్నా."

"కుక్కకి తేడా తెలుస్తుందిగా. పోనీ, మామయ్యగారిని నాలుగు రోజులు ఇక్కడే వదిలి వెళ్లండి."

"ఉంచుకో తల్లీ. కాకపోతే నేను కనబడకపోతే ఆయన..."

మాట పూర్తికాకుండానే లోపల మంచం కిర్రుమంది. "ఏమేవ్, ఎక్కడికెళ్లావే?" అంటూ మామగారి గొంతు గది గదికీ తిరిగింది. వెనకాలే కుక్క కూడా అందుకుంది.

"ముందు ఈయనకి నేర్పాల్సింది," అంది అత్తగారు, తాళం తీస్తూ.