రెండొందల కట్టల సెలెరీ

మా ఆమిష్ క్రైస్తవుల్లో చర్చిలో చదివి వినిపించేదాకా పెళ్లి కబురు బయటికి పొక్కకూడదు. ముందే పొక్కి, ఆనక పెళ్లికొడుకు మనసు మార్చుకుంటే మా అమ్మాయి లవీనా గతేంటి? అందుకే పది మైళ్లు గుర్రబ్బండి తోలుకుని, నన్నెవరూ ఎరగని దుకాణానికి పోయాను.

"సెలెరీ ఎన్ని కట్టలక్కా?"

"రెండొందలు."

"రెండొందలా! ఇంత సెలెరీ పెళ్లింట్లో తప్ప ఎక్కడ వండుతారు?"

"పెళ్లీ లేదు, పాడూ లేదు. మా ఆయనకి సూపంటే ప్రాణం."

"ఆయన మనిషా, మీ బండి గుర్రమా?"

"మగపిల్లలు ఐదుగురున్నారుగా, వాళ్లూ తింటారు."

"ఆడపిల్లలు?"

"ఒక్కతే. దాని మాటెందుకిప్పుడు?"

"ఊరికే అడిగాలే. పొద్దున ఇంకొకావిడా ఇంతే. మగవాళ్ల కోటుకి మంచి నల్లగుడ్డ తీసుకుంది. కొడుక్కా అంటే, కాదు, పొలంలో దిష్టిబొమ్మకంది!"

"ఎలా ఉంటుంది ఆవిడ?"

"పొడుగ్గా. ఎడం కాలు కుంటుతోంది."

"గడ్డం మీద పుట్టుమచ్చ ఉందా?"

"ఉంది. మీకు తెలుసా?"

"అమ్మయ్య! అయితే అబ్బాయి మాట మీదే ఉన్నాడు!"

దుకాణం ఆవిడ చేతిలోని కట్ట కింద పెట్టి నావైపు తిరిగింది.

"ఏ అబ్బాయి అక్కా?"