తెల్ల కారు సప్పుడు

“అవ్వా, మన తెల్ల కారుకు ఇంజను కింద కొత్త రబ్బర్లు ఏసి, సప్పుడు లోపటికి రాకుండ డోర్లల్ల షీట్లు ఏస్తనంటున్నడు మెకానిక్. ఏమంటవ్, ఏపియ్యాల్నా?”

నన్నడుగుతున్నవా? నౌకరి నీది, జీతం నీది, రోజూ రేగొండ నుంచి భూపాలపల్లి బ్యాంకు దాక పోయొచ్చేది నువ్వు. నా మాట ఎవలిక్కావాలె గని... సరె, అడిగినవ్ గదా, జర కూసో. ఆ కుర్చీ ఇటు గుంజుకో. ఏందది, ఫోన్ల ఎక్కిస్తవా? ఎక్కియ్యి ఎక్కియ్యి. మీ బాపు లెక్క నడిమిట్ల లేసి పోకు, గంతె.

దాన్ని మంచిగనే చూస్కుంటున్నవ్, ఆ మాట ఒప్పుకుంట. ఆయిల్ టైముకు మారుస్తున్నవ్. రేడియేటర్ల బోరు నీళ్లు పొయ్యకుండ ఆ పచ్చనీళ్లు, ఏమంటరు, ఆఁ, కూలెంటు, అది పోస్తున్నవ్. బొగ్గు లారీల ఎన్కపొంటి పోయే తొవ్వ మనది, గాలి ఫిల్టర్ నిండ నల్ల దుమ్మే. అది గుడ దులిపిస్తున్నవ్. బల్బులు మార్పిచ్చినవ్, వెలుగు బాగనే ఉన్నది. గని ఆ లావు టైర్లు ఎందుకేపిచ్చినవే పిల్లా? మలుపు తిరిగినప్పుడల్లా రేకుకు రాసుకొని కర్ కర్ అనవట్టె. మల్ల తీపిచ్చి మామూలువి ఏపిస్తివి. ఆ పొద్దు నీ మొకం చూడాలె! సరె సరె, కోపానికి రాకు. మీ తాత గుడ గట్లాంటి నఖరాలు చేసినోడే. లారీ హారన్ తెచ్చి కారుకు బిగిచ్చిండు. బజార్ల ఉన్న బర్లన్ని బెదిరి తాళ్లు తెంపుకున్నయ్. మా అత్త గంటె పట్టుకొని బయటికొచ్చింది, “గది తీస్తవా, నన్ను తియ్యమంటవా” అని. గప్పుడే తీసిండు, పాపం.

ఏం చెప్తున్న? ఆఁ, సప్పుడు.

మీ తాత ముందు లారీ నడిపిండు, నీకెరుకనే. లారీ మీద ఏండ్లకేండ్లు. ఇంటికొచ్చేది తక్కువ, పిల్లలు మొకం గుర్తువట్టకపోదురు. ఇగ చాలని చెప్పి ఈ తెల్ల కారు తెచ్చుకున్నడు. కొత్తది గాదు, ఇంకొకాయన నడిపిందే. పరకాల, భూపాలపల్లి, హన్మకొండ, ఎవలికి ఏ ఊరికి పోవాల్సుంటే ఆ ఊరికి కిరాయికి తోలుడు. కారు దగ్గర మాత్రం శాన పట్టింపు మనిషి. పొద్దుగాల లేవంగనే బానెట్ లేపుడు, ఆయిల్ చూసుడు, బెల్టు ఒత్తి చూసుడు, టైర్లు తట్టి చూసుడు. ఇంజను చాలు చేసి కండ్లు మూసుకొని నిలవడుతుండె. ఏంది, దేవునికి మొక్కుతున్నవా అంటే, “ఊకోయే, ఇంటున్న” అంటుండె. సప్పుడు ఇని చెప్తుండె, ఏది అరిగింది, ఏది వదులైంది అని.

గసుంటి మనిషికి చెవులు పోయినయ్ బిడ్డా.

ఒక్కనాడు పోలే. కొంచెం కొంచెం. ముందు నాకే ఎరుకైంది. అన్నం కాడ పిలిస్తే పలకడు. నేననుకున్న, కోపమొచ్చిందేమో అని. ఎడమ దిక్కుకెల్లి మాట్లాడితే అసలే లేదు. మల్ల ఒకాయన చెప్పిండు, “వదినా, అన్న మమ్ముల దించకుండ తీస్కపోయిండు, ఆపు ఆపు అని మొత్తుకున్న ఆపలే” అని. డ్రైవరుకు చెవులు ఇనరావని తెలిస్తే ఎవలు ఎక్కుతరు చెప్పు? చెవి మిషన్ పెట్టుకొమ్మంటే, “అది పెట్టుకుంటే ఊరందరికి చెప్పినట్టే” అన్నడు. కారు బంద్ వెట్టు మరి అన్న. పోయి కారు అద్దం తుడుసుకుంట కూసున్నడు. గా మనిషికి కారు బంద్ వెట్టుడంటే పానం బంద్ వెట్టుడే. గది నాకెరుక.

గప్పుడు నేనే అన్న, “నేనొస్త, ముందట సీట్ల కూసుంట” అని.

అబ్బో, ఎంత లొల్లయిందనుకున్నవ్! మా అత్త అయితే, “సిగ్గు లేదానే, కిరాయోళ్లు కూసునే జాగల నువ్వు కూసుంటవా” అన్నది. అసలు సంగతి ఆమెకు చెప్పలే మేము. ఊళ్లె ఆడోళ్లు నవ్విండ్రు. “సాంబన్న ముసలితనంల పెండ్లాన్ని షికారు తిప్పుతుండు” అని. తిప్పనియ్యి, మీకేం నొప్పి అన్న. నేనేమన్న తక్కువ తిన్ననా? మంచి చీర కట్టుకొని, పూలు వెట్టుకొని కూసుందును.

పనేందంటే, ఇనుడు. ఎన్కకెల్లి హారన్ కొడితే మోచేతి మీద తట్టాలె. ఎవలన్న ఆపుమంటే తొడ మీద తట్టాలె. కారు సప్పుడు మారిందనుకో, గిల్లాలె. గిల్లితే పక్కకు ఆపుడు, గది మా ఒప్పందం. దిగి బానెట్ లేపి, నా మొకం చూస్తుండె, ఏం సప్పుడని. నేను చెయ్యాలె ఆ సప్పుడు! ఆయనకు ఇనవడది గదా, నా మూతి చూసి తెలుసుకుంటుండె. నేను మూతి సున్న లెక్క చేసి కుయ్ కుయ్ అంటే, “బెల్టు” అంటుండు. నాలుక టక టక కొడితే, “ఆయిల్” అని కడ్డీ తీసి చూస్తుండు. పండ్లు గట్టిగ కొరికి కర్ర్ అంటే, “బ్రేకు” అంటుండు. నడి రోడ్డు మీద గిట్ల మూతులు తిప్పుతుంటే ఎక్కినోళ్లకు మాకేమన్న పట్టిందేమో అనిపియ్యాలె! ఒక్కోసారి నా మూతి చూసి నవ్వి నవ్వి బానెట్ మీద పడుతుండె. పెండ్లయిన కొత్తల గుడ గంత నవ్వలే నీ తాత. నిజంగ చెప్తున్న, నా బతుకుల మంచి రోజులంటే గవే.

ఇగ ఒకసారి మన ఊరి ఒకింటోళ్లే, పిలగానికి పుట్టెంట్రుకలు తీపియ్యనీకె చిల్పూరు గుట్టకు కారు మాట్లాడిండ్రు, బుగులు వెంకన్న కాడికి. ఎన్క వాళ్ల ముసలవ్వ, కొడుకు, కోడలు, పసిపిలగాడు. ముందట నేను. ఎండకాలం. హన్మకొండ దాటినం, ఘనపురం దాటినం. అగో, గప్పుడు ఇన్న. సన్నగ, సుయ్యిమని, కుక్కర్ కూతకు వచ్చే ముందట అంటది సూడు, గట్ల. గిల్లిన. ఆపలే. మల్ల గిల్లిన. “ఊకో” అన్నడు, నా దిక్కు చూడకుండ. ఎందుకంటే ఎన్కకెల్లి ఆ కొడుకు, “ఏందన్నా, వదిన చెప్తెనే నడిపిస్తవా కారు?” అని అప్పుడే పరాచికమాడిండు. ముందటి అద్దంల వాని నవ్వుడు చూసి మీ తాతకు రోషమొచ్చింది. ఆపితే తనకు ఇనరాలేదని తెలుస్తదని భయం. నేను గోర్లు దిగేటట్టు గిల్లిన. ఇంతట్లనే బానెట్ కింద నుంచి బుస్సుమని పొగ. కోడలు పిలగాన్ని పట్టుకొని ఒకటే కేక. కారు ఆగింది.

దిగినం. రేడియేటర్ కారి నీళ్లన్ని పోయినయ్. ఆ కొడుకు ఊకుంటడా? “గంత సప్పుడైతుంటే నీకు ఇనరాలేదా? పసిపిల్లగాడు ఉన్నడు బండ్ల!” అని మీది మీదికొచ్చిండు. తప్పు గాదు, వాని పానం వానిది. నేను అడ్డం పోయి ఏదో అబద్ధం చెప్దామనుకున్న. మీ తాత నా చెయ్యి పట్టి ఆపిండు. రోడ్డు మీద నిలవడి అందరు ఇనేటట్టు అన్నడు, “ఇనరాలే తమ్మీ. నాకు చెవులు పోయినయ్. నా చెవులు ఈమెనే. ఇయ్యాల ఈమె చెప్పింది, నేనే ఆపలే.”

ఇగ అయిపాయె, మన కారుకు ఇయ్యాల్టితోని సరి అనుకున్న. ఆ కొడుకు రోడ్డు మీద ఇంకో బండికి చెయ్యెత్తవట్టె. గప్పుడు ఆ ముసలవ్వ దిగింది. దిగి, “ఒరేయ్, చెయ్యి దించు” అన్నది. “మా ముసలోనికి చెవులుండి గుడ నా మాట ఇననే లేదు ఎన్నడు. ఈయన నయం, పెండ్లాం మాట కోసమే ముందట కూసోవెట్టుకున్నడు” అన్నది. నేను గిల్లుడు ఎన్కకెల్లి చూసినట్టుంది, మీ తాత దిక్కు తిరిగి, చేతులతోని చూపెట్టుకుంట, “ఇగో, గుట్ట అగుపడుతుంది. ఆమె గిల్లితే ఆపుతనని ఆ వెంకన్న మీద ఒట్టెయ్యి. గప్పుడే ఎక్కుతం” అన్నది. ఏసిండు. గుట్ట దిక్కు చెయ్యి చాపి ఏసిండు.

ఆ అవ్వనే దేవునికి తెచ్చిన పసుపు పొట్లం ఇప్పి ఇచ్చింది. అప్పట్ల డ్రైవర్లు చేసే పనే అది, రేడియేటర్ కారితే నీళ్లల్ల పసుపు కలిపి పోసుడు. చిన్న బొక్కలు పూడుతయ్. ఇంజను చల్లారినంక పోసినం, గుట్టకు పోయినం, పిలగానికి గుండు గీకిపిచ్చినం, నిమ్మళంగ ఇంటికొచ్చినం. తెల్లారి మెకానిక్ దగ్గరికి తీస్కపోతే, “ఇది రేడియేటరా, పప్పుచారు గిన్నెనా” అని తిట్టిండు. లోపలంత గడ్డకట్టి కూసున్నది. నువ్వు గసుంటి పని చెయ్యకు, ఆ పచ్చనీళ్లే పొయ్యి.

ఆ తర్వాత మమ్ముల ఎవలు వద్దనలే బిడ్డా. “సాంబన్న కారు కావాలె, ముందట వదిన ఉండాలె” అని చెప్పి మాట్లాడుకునేది. మా అత్త గుడ సంగతి తెలిసినంక, నా సద్ది ఆమెనే కట్టిచ్చేది. చూపు గుడ మసకైనంక మీ తాత తానే కారు ఆపిండు. ఇగ ఆయన పోయిండు. కారు ఉన్నది.

నువ్వు నన్ను దవాఖానకు తీస్కపోతవ్ సూడు, ముందట కూసుంట గదా, నాకు తెల్వకుండనే ఇంట నేను. గేరు మార్చినప్పుడు గుర్రుమంటది, ఎత్తెక్కేటప్పుడు మూలుగుతది, సీటు కింద దడదడ వణుకుతది. నీకది పరేషాన్. నాకేమో ఆయన పక్కన ఉన్నట్టే అనిపిస్తది. ఏం దాస్తనే, అనిపిస్తది. నువ్వు గా షీట్లు, రబ్బర్లు అనంగనే నా పానం ఉసూరుమన్నది. వద్దనాల్ననే అనుకున్న ముందుగాల.

గని నీకు చెప్పని ముచ్చట ఒకటున్నది. హన్మకొండ దవాఖానల మీ తాత చెవులు చూసినప్పుడు డాక్టరమ్మను అడిగిన, ఎందుకయిందమ్మా గిట్ల, రోగమేమన్ననా అని. రోగం గాదన్నది. ఏండ్లకేండ్లు ఇంజను మోతల కూసుంటే గట్లనే అయితదన్నది. లారీది సగం, ఈ తెల్ల కారుది సగం.

ఏపియ్యి బిడ్డా. రబ్బర్లు ఏపియ్యి, షీట్లు ఏపియ్యి, ఇంకేమన్న ఉంటే గది గుడ ఏపియ్యి. నా ప్రేమకు, పావురానికేం, నేనెన్ని రోజులుంట. నువ్వు రోజూ పోయేదానివి. నీ చెవులు సల్లగుండాలె... రేపు నీ మనుమలు అవ్వా అని ఎంత సన్నగ పిలిచినా నీకు ఇనరావాలె.