బండి మీద పేరు

ఫైర్ స్టేషన్ షెడ్డులో కొత్త బండి పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. మంటల్లో చనిపోయిన ఫైర్‌మన్ భార్య ఒకరు, అదే స్టేషన్లో పనిచేసే అతని తమ్ముడు మరొకరు.

"ఇంత చిన్న బండా? నీళ్ళు సరిపోతాయా?"

"ఎక్కువ అక్కర్లేదు వదినా. నీళ్ళని పొగమంచులా చిమ్ముతుంది. ఆ సన్నటి తుంపర వేడిని లాగేస్తుంది. ఎంత ఇరుకు సందులోకైనా పోతుంది."

"ఆ గోడౌన్ సందులోకి కూడానా?"

"పోతుంది."

"ఆ రోజు మీ పెద్ద బండి సందు మొదట్లోనే ఆగిపోయిందన్నారు. లోపల చిక్కుకున్న కూలీల కోసం ఆయన ముందే వెళ్ళారు. మీరు పైపులు లాక్కొచ్చేసరికి కప్పు కూలిపోయింది."

"ఇప్పుడవన్నీ ఎందుకు వదినా?"

"ఇది అప్పుడుంటే మీ అన్నయ్య బతికేవారా?"

"ఏం చెప్పను?"

"నా మొహం చూసి చెప్పు."

"బతికేవాడేమో. ఎప్పట్నుంచో అడుగుతున్నాం. అన్నయ్య పోయాకే పంపారు."

ఆమె చూపు బండి చక్రం పక్కనున్న రంగు డబ్బా మీద పడింది.

"ఆ రంగు డబ్బా ఎందుకు?"

"బండి మీద అన్నయ్య పేరు రాయిద్దామని. మొదటి అక్షరం నువ్వు రాస్తావని పిలిచాం."

"వద్దు."

"అందరూ ఆశపడ్డారు వదినా."

"గంట మోగినప్పుడల్లా ఆయన పేరు మళ్ళీ మంటల్లోకి వెళ్తుంటే నేను తట్టుకోలేను. ఒకసారి వెళ్ళింది చాలు."

"సరే, రాయించం."

"ఇంకో మాట. ఇది పక్కన లేకుండా నువ్వు ఏ సందులోనూ అడుగుపెట్టకు. మన ఇంటికి ఇంకోసారి మనిషి బదులు వట్టి టోపీ రాకూడదు."