గుల్లలని వాళ్లు, చిప్పలని మేము

సభాధ్యక్షులు మేనేజర్ గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న, నన్ను కన్న మా అవ్వ ఐలవ్వకు, మొదటి షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా ఇటే వచ్చిన మిత్రులకు ఈ నర్సింగం నమస్కారాలు.

ఈ రోజు రిటైరవుతున్న జాన్ ప్రసాద్, నేను ఒకే గనిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాం. ఆయనది కాకినాడ దగ్గరి పల్లె. భార్య హన్నా పుట్టింటికి పోయినప్పుడల్లా ఉప్పుటేటి బురదలో ఏరిన గుల్లలను ఉడికించి, లోపలి మాంసం ఎండబెట్టి తెచ్చేది. వాటి కూర మొదటిసారి ఆయన డబ్బాలో చూసినప్పుడు, అవేమిటో అడిగి తెలుసుకుని, "ఇవి ఆలుచిప్పలే కదన్నా, మేం వీటితోని మామిడికాయ చెక్కు తీస్తం" అన్నాను. "మీరు పైదానికి పేరు పెట్టారు, మేం లోపలిది తింటున్నాం" అన్నాడాయన. (నవ్వులు)

మొన్న ప్రత్యేక రాష్ట్రం కోసం చేసిన పెద్ద సమ్మెలో ఆయనా మాతోనే ఉన్నాడు. అయినా ఒకరోజు గేటు దగ్గర మాటామాటా పెరిగి, అందరి ముందు, "గుల్లలు తినెటోనివి, మా బాధ నీకేం ఎరుక, మీ ఊరికి పో" అన్నాను. సమ్మె విరమించాక ఆయన వేరే మూలన కూర్చుని తినడం మొదలుపెట్టాడు. డబ్బాలో గుల్లల కూర మళ్లీ కనిపించలేదు.

ఈ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. బియ్యం ఏరుతున్న మా అవ్వ చేట పక్కన పెట్టింది.

"నువ్వు నడక నేర్చిన ఏడు కరువొచ్చింది బిడ్డా. గోదారి ఇసుకల చిప్పలు దేవులాడి తెచ్చి, ఉడకబెట్టి, గా మాంసమే నీకు తినబెట్టిన. తర్వాత నామోషీ అయ్యి ఎవ్వలకు చెప్పలే."

"దాన్ని ఏమంటుంటిరి అవ్వా?"

"చిప్పల కూర. ఇంకేమంటరు?"

(ఈ మాట సభలో చెప్పమని తనే అన్నది. ఊకో అవ్వా, కండ్లు తుడుచుకో.)

మర్నాడు పొద్దున్నే ఆయన క్వార్టరుకు పోయి అంతా చెప్పాను. తప్పైందన్న ఒక్క మాట మాత్రం నోట రాలేదు. "టీ తాగు నర్సింగం" అన్నాడు. ఆ రోజు నుంచి మళ్లీ కలిసి తిన్నాం, గేటు దగ్గరి మాట ఇద్దరం ఎత్తలేదు.

అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలె. ప్రసాదన్నా, తప్పు నాదే.

ఎల్లుండి రైలుకు ఆయన సొంతూరికి పోతున్నాడు. నేనన్నందుకు కాదని నిన్న చెప్పాడు. నమ్మాలని ఉంది. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.