బాపు చెవుల కూత

సూరత్‌లోని లింబాయత్, 2021 వానాకాలం. మేడమీది రేకుల గదిలో ‘కండెలు’ బ్యాండు గిటారిస్టు అంబదాస్ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటల షిఫ్టు దిగి, డ్రమ్స్ వాయించే నవత నిప్పులా మెట్లెక్కి వచ్చింది. వాళ్ల మొదటి రికార్డు ఆ సాయంత్రమే బొంబాయిలోని రికార్డు కంపెనీకి వెళ్లాలి.

"మాస్కు తీసి మాట్లాడరా! నోట్లె నోట్లె గొణుగుడేంది?"

"ఇగో, తీసిన. గొణుగుతలేను నవతా. పాట బొంబాయికి ఇంక పంపలేదంటున్న. నువ్వొచ్చినంకనే పంపుదామని ఆగిన."

"అబద్ధం! నువ్వు నా ఫోనుకు పంపిన పాట మొత్తం ఇనుకుంటనే వచ్చిన. నాలుగో నిమిషం కాడ మా బాపు చెవుల కూత లేదు. కోసేసినవ్."

"కోయలే."

"కోసినవ్!"

"ఎన్నిసార్లు చెప్పాలె, నేను..."

"మల్ల అటు తిరుగుతవేంది? నా దిక్కు చూసి చెప్పు!"

"నీ దిక్కే చూస్తున్న. బొంబాయాయన తియ్యుమన్నది నిజమే. సైకెడెలిక్ రాక్ ఇంటే మనిషి గాలిల తేలాలె గని, పండ్లు జివ్వుమనొద్దు అన్నడు."

"తేలాలెనా? మా బాపు ముప్పై ఏండ్లు సాంచెల నడుమ నిలబడ్డడు. ఎన్నడన్న తేలిండా?"

"నాకెందుకు చెప్తవ్? నేను లేనా గప్పుడు?"

"ఉన్నవ్ గదా, అందుకే మండుతున్నది! లాక్‌డౌన్ల సాంచెలన్నీ బందయినయి. గల్లీల పురుగు సప్పుడు లేదు. బాపేమన్నడు? ‘అన్నీ ఆగినయి గని నా చెవులల్ల కూత ఆగుతలేదు బిడ్డా’ అన్నడు. నువ్వే కంప్యూటర్ల సౌండు ఫుల్లు పెట్టి, స్వరం జర పైకి, ఇంకింత పైకి అనుకుంట ఆ కూతను దొరకబట్టినవ్. ‘గిదే, గిదే’ అని నీ చెయ్యి పట్టుకొని ఏడ్చిండు. గా చెయ్యితోనే కోసినవా?"

"జర మెల్లగ మాట్లాడు. కింద పద్మక్క బిడ్డ పండుకున్నది."

"నేను మెల్లగనే మాట్లాడుతున్న!"

"గల్లీ మొత్తం ఇనబడుతున్నది."

"ఇననీ! కార్ఖానా సేటు ఏమన్నడు? చెవులకేం కాలేదు, ఉమర్ అయిపోయింది, ముసలోడైండన్నడు. యూపీ, బీహార్ భయ్యాలందరు ఊర్లకు పోయిండ్రు, పనికి మనుషుల్లేరు, అయినా బాపునే ఎల్లగొట్టిండు. ఆ సాంచెలే నడుపుమని నాకిచ్చిండు, ఏదో దయ చేసినట్టు! ఈ రికార్డు కార్ఖానా గేటు ముంగట పెట్టి ‘ఇనుర సేటు, నువ్వు లేదన్నది గిదే’ అంటనని బాపుకు మాటిచ్చిన. ఇప్పుడేం పెట్టాలె? నీ గాలిల తేలుడా?"

"అందుకే ఆయనకు కాదని చెప్పిన. కూత ఉంటేనే పాట, లేకుంటే మా దారి మాదే అన్న."

"నువ్వా? కోసాడ్ గణపతి మండపంల రెండో పాటకే జనం భజన అంటే, గిటారు సర్దుకొని భజన కొట్టినోనివి. నువ్వు కాదన్నవా?"

"అన్న! ఆయనేమో పదకొండు నిమిషాల పాట ఎవడింటడు, అంతల షేర్ ఆటో ఉధ్నా పోయొస్తది అన్నడు. దానికి గూడ ఒప్పుకోలే."

"పెట్టు. పెద్ద స్పీకర్ డబ్బాలల్ల పెట్టు."

"ఫుల్లు పెడితే పద్మక్క..."

"పెట్టుమన్నా!"

"ఇగో. మూడున్నర నిమిషాలయింది. నీ డ్రమ్స్. ఇప్పుడు ఆగుతయి, చూడు... ఆగినయి. ఇగో! ఇన్నవా?"

"ఏది?"

"గిదే!"

"ఏమున్నది గిడ? ఉత్తగున్నది! నా మొఖం మీదనే అబద్ధమాడుతవా?"

"నీ మీద ఒట్టు, నా పండ్లు జివ్వుమంటున్నయి. కంప్యూటర్ల చూడు, సప్పుడు గీత నిండుగున్నది."

"నీ గీతలు నాకెందుకు? బ్యాండుల నేనుండ. డ్రమ్స్ గూడ గా కంప్యూటరుతోనే కొట్టించుకో. నా పేరు తియ్యి. సేటు ఒక్కడే అనుకున్న, నువ్వు రెండో సేటువైతివి గదరా—"

"అంబదాసూ! ఓ అంబదాసూ! మీకేం పోయేకాలమొచ్చిందిరా? నా బిడ్డ చెవులు మూసుకొని ఏడుస్తున్నది, బంద్ చెయ్యిరి!"

"తలుపు కాడ పద్మక్క ఏమంటున్నది? ఆమె గూడ మాస్కులనే మాట్లాడుతది."

"గా కూత బంద్ చెయ్యుమంటున్నది."

"ఏ కూత?"

"ఏం చూస్తున్నవ్‌రా ఆమె దిక్కు గుడ్లప్పగించి? బంద్ చెయ్యి! మూతికి మాస్కు పెట్టు ముందు, ఇంట్ల పసిపిల్ల ఉన్నది నాకు!"

"బంద్ చేసిన పద్మక్కా. మాస్కు గూడ పెట్టుకున్న, ఇగో. నువ్వు పో... నవతా."

"ఏంది? గట్ల చూస్తవేంది?"

"సేటు నీకు బాపు సాంచెలిచ్చి ఎన్ని నెలలాయె?"

"మాస్కు తీసి అడుగు."