మొదటి కత్తెర

శామీర్‌పేట చెరువు పక్కన మామగారి ఇంట్లో వేసవికి కూడిన చుట్టాలంతా ఎల్లుండి వెళ్ళిపోతారు. మధ్యాహ్నం కునుకు తీసి లేచిన కోడలికి మూడేళ్ళ కూతురి నుదుటి మీద జుట్టు కనిపించలేదు. పక్కన ఆడబిడ్డ చేతిలో కత్తెర ఉంది.

“వదినె, పాప ఎంట్రుకలు కత్తిరించినవా?”

“కండ్లల్ల పడుతున్నయి. నెత్తంత సెమటకాయలు. తల్లివి నువ్వు సూస్తలేవు, నేను సూసిన.”

“అవి పుట్టెంట్రుకలు! ఎల్లుండి మా తమ్ముడొచ్చి మొదటి కత్తెర పెట్టాలె. నీకు తెల్వదా?”

“రెండేండ్లసంది వస్తనే ఉన్నడు మీ తమ్ముడు! పేరుకే మేనమామ.”

“నీ కొడుక్కు మొదటి కత్తెర పెట్టింది నీ తమ్ముడే, మా ఆయనే గద? ఆయనకంటె ముందు నేను ముడితె ఊకుందువా?”

“మస్తు మాటలొచ్చినయి నీకు. ఇంక నెత్తినిండ ఉన్నయి, ఎవ్వలు కనిపెట్టరు. నోరు మూసుకో.”

“కత్తిరించినయి ఏడున్నయి?”

“చెరువుల ఏసిన.”

కోడలు తమ్ముడికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

“అక్కా, ఎల్లుండి పొద్దుగాల్నే అందరం బయలెల్లుతున్నం. పాప నెత్తికి నూనె పెట్టకు, కత్తెర జారుతది.”

ఆడబిడ్డ వద్దువద్దని చెయ్యి ఊపింది. కోడలు ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టింది.

“తమ్మీ, ఫోన్ పెట్టేయకు. మా వదినె నీకు ఒక ముచ్చట చెప్తదట.”